దారిలో ఆగిపోయిన బండి



మిరప కోతలు మొదలైతే మన పల్లెల్లో రోడ్లకు నిద్ర ఉండదు. కల్లాల్లో ఎండిన కాయ టిక్కీలకెక్కుతుంది. టిక్కీలు ట్రక్కులకెక్కి గుంటూరు మిర్చి యార్డుకు దారి పడతాయి. అంతకు ముందునుంచే పత్తి బోరాలు జిన్నింగు మిల్లులకు పోతూ ఉంటాయి. తెల్లవారుజామున కూలీలను నింపుకొన్న ఆటోలు, రాత్రివేళ తోక దీపం లేని ట్రక్కులు, మధ్యలో మోటారు సైకిళ్లు, ఇదీ మన దారి. ఈ నెల మేము మీతో మాట్లాడదలచినది ఆ దారిలో ఆగిపోయే బళ్ల గురించి, వాటిని లాగి పక్కన పెట్టే మనుషుల గురించి. సంఘ పత్రికలో ఇదేం సంగతి అని మీలో కొందరు అనుకోవచ్చు. మేమూ ఒకప్పుడు అలాగే అనుకునేవాళ్లం. ఒక రాత్రి మా ఆలోచన మారింది.

పదేళ్లు దాటింది. ఫిబ్రవరి నెల, బుధవారం. పక్క గ్రామంలో గృహ కూడికకు మోటారు సైకిలుమీద వెళుతున్నాము. చీకటి పడింది. ఊరి బయట మలుపు దాటగానే మిర్చి టిక్కీలతో ఒక ట్రక్కు సగం రోడ్డుమీద ఆగి ఉంది. వెనుక చక్రం బేరింగు పోయి ఒక పక్కకు ఒరిగింది. డ్రైవరు మమ్మల్ని గుర్తుపట్టి చెయ్యెత్తాడు. "అయ్యగారూ, నా ఫోనులో డబ్బులైపోయినయ్యి. మీ ఫోను ఒకసారి ఇస్తే టౌనులో క్రేనాయనకి చెబుతాను" అన్నాడు. రెండు నిమిషాల పని. మేము వాచీ చూసుకొని, "కూడికకు వేళయింది నాయనా, తిరిగొచ్చేటప్పుడు చూద్దాం" అని బండి ముందుకు పోనిచ్చాము. అతడు ఏమీ అనలేదు. ట్రక్కు వెనుక నాలుగు రాళ్లు పేర్చి, వేపకొమ్మ విరిచి పెట్టుకున్నాడు.

కూడిక బాగా జరిగింది. పది గంటలకు తిరిగి వస్తుంటే మలుపు దగ్గర జనం మూగి ఉన్నారు. జిన్నింగు మిల్లులో పని దిగి వస్తున్న మా సంఘపు కుర్రవాడు, ఇరవై రెండేళ్లవాడు, ఆ ట్రక్కును వెనుకనుంచి కొట్టుకున్నాడు. ఎదురుగా వచ్చిన లారీ వెలుతురు కళ్లలో పడి ట్రక్కు కనబడలేదట. చుట్టూ నిలబడినవారు అతణ్ణి ముట్టుకోవడానికి భయపడుతున్నారు. "పోలీసు కేసు, మనకెందుకు" అన్నమాట మా చెవులతో విన్నాము. 108 వచ్చింది, తీసుకువెళ్లింది. ప్రాణం దక్కింది గాని ఎడమకాలు మోకాలి కింద దక్కలేదు.

ఆ రాత్రి పన్నెండింటికి క్రేనాయన వచ్చాడు. అప్పటికి ఫోను చేసినది మేమే. ముస్లిం సహోదరుడు, మెకానిక్ షెడ్డు పక్కనే పాత లారీకి క్రేను బిగించుకొని బతుకుతున్నాడు. ముందు టిక్కీలు దింపించి, ట్రక్కు ఎత్తి, రోడ్డుకు దూరంగా పొలం గట్టున పెట్టాడు. ఆ తరువాత టార్చిలైటు పట్టుకొని డ్రైవరు పేర్చిన రాళ్లను ఒక్కొక్కటే తీసి కాలవలో వేశాడు. మేము ఎందుకన్నట్టు చూస్తే, "బండి పోయినాక ఈ రాళ్లు ఇంకొకణ్ణి పడగొడతయ్యి పాస్టరుగారూ" అన్నాడు. కూలి అడిగితే డీజిలు డబ్బులు మాత్రం తీసుకున్నాడు. మేము ప్రార్థనకు వెళ్లి వచ్చాము. ఆయన నిద్రలోంచి లేచి వచ్చాడు. లూకా సువార్త పదవ అధ్యాయం ఎన్నిసార్లు ప్రసంగించామో లెక్కలేదు. అందులో మేమెవరిమో ఆ రాత్రి తెలిసింది.

యెరూషలేమునుంచి యెరికోకు దిగే దారి సుమారు వెయ్యి మీటర్ల దిగుడు. రాళ్లు, లోయలు, దొంగలు ఉన్న దారి. ఆ దారిలో సమరయుడు చేసిన పనులను వరుసగా చూడండి. ఆగాడు. గాయాలు కట్టాడు. తన వాహనంమీద ఎక్కించాడు. పూటకూళ్ల ఇంటికి చేర్చి ఒకరికి అప్పగించాడు. ఖర్చు ఇచ్చి, ఇంకా అయితే తిరిగి వచ్చేటప్పుడు తీరుస్తానన్నాడు. ఈ రోజుల్లో రోడ్డు సహాయం అని మనం పిలిచే పనంతా ఇందులో ఉంది. ముందు ఆగడమే అన్నిటికంటే కష్టం. మిగిలినవన్నీ దాని వెంట వస్తాయి.

బళ్లు లాగే క్రేను ఎలా పుట్టిందో కూడా చెప్పుకోవాలి. అమెరికాలో టెనెస్సీ రాష్ట్రంలోని చట్టనూగా పట్టణంలో ఎర్నెస్ట్ హోమ్స్ అనే మెకానిక్ ఉండేవాడు. తెలిసినవారి కారు వాగులో తలకిందులైతే, మనుషులు, తాళ్లు, దిమ్మెలు పెట్టి గంటల తరబడి లాగవలసి వచ్చింది. ఆ కష్టం చూసి ఆయన 1916లో పాత కాడిలాక్ కారుమీద మూడు కర్రలు, కప్పీ, గొలుసు అమర్చి లాగుడు బండి తయారు చేశాడు. అది మనకు కొత్త సంగతి కాదు. నల్లరేగడిలో వాన పడ్డాక బండి ఇరుసుదాకా దిగబడితే మన పెద్దలు ఏం చేసేవారు? ఇంకొకరి ఎద్దులను విప్పుకొచ్చి ముందు జత కట్టేవారు, దారిన పోయేవాళ్లంతా చక్రానికి భుజం పట్టేవారు. ఎవరి బండి అని అడిగేవారు కాదు.

ఇప్పుడు మన ప్రాంతం మధ్యగా చెన్నై – కలకత్తా రహదారి పోతున్నది. గుంటూరు, చిలకలూరిపేట, మార్టూరు, మేదరమెట్ల, ఒంగోలు దాని వెంటే ఉన్నాయి. 2010లో దాని నెంబరు 16గా మారినా మన పెద్దవాళ్లు ఇంకా ఐదో నెంబరు రోడ్డనే అంటారు. ఆ రోడ్డుమీద కొరిసపాడు దగ్గర, ఆపదలో విమానాలు దిగడానికి రన్‌వే కూడా కట్టారు. 2022 డిసెంబరులోను, 2024 మార్చిలోను వాయుసేన విమానాలతో అక్కడ ట్రయల్ చేశారు. విమానానికి ఆపద వస్తే దిగేందుకు చోటు సిద్ధమైంది. మంచిదే. ఆ రోడ్డు దిగి ఐదారు కిలోమీటర్లు లోపలికి పోతే, బేరింగు పోయిన మన ట్రక్కుకు దిక్కు ఎవరు? మనమే. అందుకే ఇవి తెలుసుకొని ఉండమని కోరుతున్నాము.

మొదటిది. బండి ఆగిపోతే ముందు దానిని మార్జినులోకి తోయండి. తోయలేకపోతే మనుషులు బండికి దూరంగా, రోడ్డు కిందికి దిగి నిలబడాలి. ట్రక్కు కింద నీడ ఉందని, చల్లగా ఉందని పడుకోకండి. వెనుక నిలబడి కబుర్లు చెప్పకండి.

రెండవది. పార్కింగు లైట్లు వెయ్యండి. ఎరుపు రంగు మెరుపు త్రికోణం బండికి కనీసం యాభై మీటర్ల వెనుక, పెద్ద రోడ్డయితే ఇంకా దూరంగా పెట్టండి. యాభై మీటర్లంటే సుమారు డెబ్బై అడుగులు నడిచినంత దూరం. బండిని ఆనించి పెడితే వచ్చేవాడికి కనబడేసరికి బ్రేకు వేసే వ్యవధి ఉండదు. త్రికోణం లేకపోతే ఒకరు టార్చి ఊపుతూ మార్జినులో నిలబడాలి. రాళ్లు పెడితే, వెళ్లేటప్పుడు తీసివేయడం మరువకండి. ఇది క్రేనాయన మాకు నేర్పిన పాఠం.

మూడవది. ఎవరికి ఫోను చెయ్యాలి? జాతీయ రహదారిమీద అయితే 1033. ఇది రాత్రింబవళ్లు పనిచేసే ఉచిత నెంబరు. టోల్‌ప్లాజాల దగ్గర క్రేను, ఆంబులెన్సు, పెట్రోలింగు బండి నెంబర్లు బోర్డుమీద రాసి ఉంటాయి. దెబ్బలు తగిలితే 108. మన రాష్ట్రంలో అది 2005 ఆగస్టు 15నుంచి పనిచేస్తున్నది. మరే ఆపదకైనా 112. ఫోనులో "చింతచెట్టు దగ్గర" అంటే వారికి తెలియదు. కిలోమీటరు రాయిమీద ఉన్న అంకె చదివి చెప్పండి, ఏ వైపు వెళ్లే రోడ్డో చెప్పండి. లోపలి రోడ్లకు 1033 రాదు. కాబట్టి దగ్గరి టౌనులోని క్రేను నెంబరు ఒకటి, మెకానిక్ నెంబరు ఒకటి ట్రాక్టరు ముందు పెయింటుతో రాయించుకోండి. ఫోనులో దాచుకుంటే చాలదు. ఫోను చచ్చిపోయిననాడే బండి ఆగిపోతుంది.

నాలుగవది. తాడు కట్టి లాగడం మనకు అలవాటు. కారునుగాని, వ్యానునుగాని అలా లాగేటప్పుడు ఇంజను ఆగి ఉంటుంది కనుక బ్రేకు, స్టీరింగు రెండూ బరువెక్కుతాయి. అది తెలియనివారిని అందులో కూర్చోబెట్టకండి. దగ్గర దూరమే, పగటిపూటే, నెమ్మదిగానే లాగండి. లోడుతో ఉన్న ట్రక్కును ఎత్తేముందు సరుకు దింపండి.

ఐదవది డబ్బు సంగతి. క్రేను వచ్చేముందే ఎక్కడికి లాగాలి, ఎంత కూలి అన్నది ఫోనులోనే మాట్లాడుకోండి. క్రేను బండి నెంబరు రాసుకోండి. చీటీ అడిగి తీసుకోండి. ఇన్సూరెన్సు విషయంలో చాలామంది పొరపాటు పడుతున్నారు. థర్డ్ పార్టీ పాలసీలో మన బండిని లాగించిన ఖర్చు రాదు. పూర్తి పాలసీలో ప్రమాదం జరిగితే కొంత హద్దువరకు వస్తుంది. ఊరికే చెడిపోయి ఆగితే రాదు. దానికి రోడ్‌సైడ్ అసిస్టెన్స్ అని వేరే కొద్ది సొమ్ము కట్టి చేర్పించుకోవాలి. పాలసీ కాగితం ఇంట్లో చదువుకున్న పిల్లలచేత ఈ ఆదివారమే చదివించండి. ఇంకొకటి, ప్రమాదకరంగా ఆగిన బండిని యజమాని వదిలిపెట్టిపోతే పోలీసులు దానిని లాగించివేయవచ్చు, ఆ ఖర్చు యజమానిదే అని మోటారు వాహనాల చట్టం చెబుతున్నది. సరుకు యజమాని తెల్లారి చూద్దాంలే అనుకుంటే చట్టం ఒప్పుకోదు, మనస్సాక్షి కూడా ఒప్పుకోకూడదు.

ఇక దెబ్బ తగిలినవారిని ముట్టుకోవడానికి భయం. ఆ రాత్రి మా కుర్రవాడి చుట్టూ నిలబడినవారి భయం ఉత్తది కాదు. అప్పట్లో సాక్ష్యం, స్టేషను, కోర్టు అంటూ తిప్పేవారు. ఇప్పుడు అలా కాదు. 2016 మార్చి 30న సుప్రీంకోర్టు, సహాయం చేసినవారిని వేధించకూడదన్న మార్గదర్శకాలను అందరూ పాటించి తీరాలని ఆదేశించింది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 134ఏ అనే సెక్షను చేర్చారు. మంచి మనసుతో సహాయం చేసినవారిమీద కేసు ఉండదు. పేరు, చిరునామా చెప్పమని బలవంతం చేయకూడదు. గాయపడినవారిని మొదటి గంటలోనే ఆసుపత్రికి చేర్చి ప్రాణం కాపాడినవారికి 2021లో కేంద్రం 5,000 రూపాయల బహుమానం పెట్టి, 2025లో దానిని 25,000 చేసింది. రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజులవరకు, లక్షన్నర రూపాయలవరకు నగదు లేకుండా చికిత్స చేసే పథకం కూడా 2025 మే నెలలో వచ్చింది. ఈ చట్టానికి మన దేశంలో వాడుకలో ఉన్న పేరేమిటో తెలుసా? గుడ్ సమరిటన్ చట్టం. లోకమంతా ఆ సమరయుని పేరు పెట్టుకున్నది. ఆ కథ చిన్నప్పటినుంచి విన్న మనం ఇంకా భయపడుతూ నిలబడితే ఎలా?

చెప్పడానికి సిగ్గుపడే సంగతి ఇంకొకటి ఉంది. లారీ బోల్తా పడిందంటే గిన్నెలు, సంచులు పట్టుకొని పరుగెత్తే అలవాటు. నూనె డబ్బాలో, చేపలో, పండ్లో ఏవైతేనేం. డ్రైవరు కాబిన్‌లో ఇరుక్కొని మూలుగుతుంటే సరుకు మోసుకుపోయినవారున్నారు. మా సంఘస్థుల ఇళ్లలో కూడా అలాంటి నూనె డబ్బాలు చేరిన రోజు ఒకటి ఉంది. మరుసటి ఆదివారం మేము ప్రసంగం మానుకొని ఆ సంగతే మాట్లాడాము. నాలుగు డబ్బాలు తిరిగి వచ్చాయి. దొంగల చేతిలో పడినవాణ్ణి కాపాడవలసినవారే దొంగలైతే ఆ కథకు ముగింపు ఏముంటుంది? పైగా ఇది ప్రాణాపాయం. 2017 జూన్ 25న పాకిస్తాన్‌లోని బహావల్‌పూర్ ప్రాంతంలో పెట్రోలు టాంకరు బోల్తాపడితే, కారిన పెట్రోలు పట్టుకోవడానికి చుట్టుపక్కల ఊళ్లవారు వచ్చారు. మంట అంటుకొని రెండు వందలమందికి పైగా చనిపోయారు. వాళ్లూ మనలాంటి పల్లెటూరివాళ్లే.

క్రేను పనివారి గురించి ఒక మాట. మన బండి ఆగితే వాళ్లు వచ్చి నిలబడేది వేగంగా పోయే బళ్ల మధ్యనే. మేము చెప్పిన చట్టనూగా పట్టణంలో లాగుడు బళ్ల మ్యూజియం ఒకటి ఉంది. అక్కడ ఒక గోడమీద, రోడ్డు పక్కన పనిచేస్తూ చనిపోయిన క్రేను పనివారి పేర్లు చెక్కి ఉంచారు. అమెరికాలో 50 రాష్ట్రాల్లోను, అలాంటి బండి కనబడితే వేగం తగ్గించాలి లేదా పక్క వరుసలోకి జరగాలి అని చట్టముంది. మనం చట్టం కోసం కనిపెట్టుకొని ఉండనక్కరలేదు. వెలుగుతూ ఆరుతూ ఉన్న దీపం కనబడితే వేగం తగ్గించండి. మన బండి లాగినవారికి మంచినీళ్లివ్వండి. ఒప్పుకున్న కూలి ఇవ్వండి. చీకట్లో, గత్యంతరం లేనప్పుడు మాట్లాడిన బేరాన్ని తెల్లారాక తగ్గించమనడం న్యాయం కాదు. అలాగే ఆపదలో ఉన్నవారిదగ్గర రెట్టింపు అడగడం కూడా న్యాయం కాదు. ఆ పని చేసే సహోదరులు మన సంఘాల్లోనూ ఉన్నారు, వారికీ ఇది చెబుతున్నాము.

ప్రియులారా, ఇంతవరకు దాచిన సంగతి ఒకటి చెప్పి ముగిస్తాము. ఆ రాత్రి మేము ఆగకపోవడానికి కూడికకు వేళ కావడం ఒక్కటే కారణం కాదు. ఆ ట్రక్కు, మా మందిరపు స్థలం విషయంలో సంఘంతో తగాదా పడుతున్న ఒక కుటుంబానిది. చెయ్యెత్తినవాడు జీతగాడు. కాని బండి ఎవరిదో మాకు తెలుసు. "వాళ్ల పని వాళ్లే చూసుకుంటారు" అన్న మాట మా నోట రాలేదు, మనసులో వచ్చింది. వాచీ చూసుకున్నది ఆ తరువాత.

నిర్గమకాండము ఇరవై మూడవ అధ్యాయంలో ఒక చిన్న ఆజ్ఞ ఉంది. మనల్ని ద్వేషించేవాని గాడిద బరువు కింద పడిపోయి ఉంటే చూసి తప్పుకుపోకూడదు, అతనితో కలిసి దానిని విడిపించాలి. ద్వితీయోపదేశకాండము ఇరవై రెండవ అధ్యాయంలో ఇదే ఆజ్ఞ సహోదరుని పశువు విషయంలో ఉంది. సహోదరుడైనా పగవాడైనా, దారిలో పడిపోయిన బరువు దగ్గర ధర్మం ఒక్కటే. పార్టీలు, కక్షలు, గట్టు తగాదాలు ఉన్న మన పల్లెలకు ఇంతకంటే సూటి మాట ఏముంది? మేము శత్రువు అనుకున్నవాని బరువును వదిలి వెళ్లాము. దానికింద పడినది మా సంఘపు బిడ్డ. దారిలో వదిలిన ప్రమాదం తరువాత వచ్చేది ఎవరో అడిగి తెలుసుకోదు.

ఆ కుటుంబం దగ్గరకు వెళ్లి ఈ సంగతి ఒప్పుకున్నాము. స్థలం తగాదా ఒక్కరోజులో తీరలేదు, రెండేళ్లు పట్టింది. కాని కుర్రవాడి ఆసుపత్రి ఖర్చులో వారు సగం భరించారు. ఆ అబ్బాయి తల్లిదగ్గరకు కూడా వెళ్లాము. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "మీరు ఆగినా ఆ బండి అప్పటికి కదిలేదో లేదో అయ్యగారూ" అంది. క్షమించడానికి ఆమె వెతుక్కున్న మాట అది. క్రేను టౌనునుంచి అరగంటలో వస్తుందని ఆమెకూ తెలుసు, మాకూ తెలుసు.

అబ్బాయి ఇప్పుడు కృత్రిమ కాలుతో నడుస్తాడు, ఊళ్లోనే చిన్న కొట్టు పెట్టుకున్నాడు. ఆసుపత్రినుంచి వచ్చాక మాతో అన్న మాట ఒకటే. "ట్రక్కు వెనక ఒక్క మెరుపు స్టిక్కరు ఉన్నా నాకు కనపడేదండీ." అప్పటినుంచి ప్రతి సంవత్సరం కోతలకు ముందు మా యౌవనస్తులు చందా వేసుకొని ఎరుపు రంగు మెరుపు స్టిక్కర్లు తెస్తారు. ఒక శనివారం సాయంత్రం ఊళ్లోని ట్రక్కులన్నిటికీ, ఎవరివని చూడకుండా, వెనుక రెండు మూలలా అంటిస్తారు. దుమ్ము పట్టిన చోట ముందు గుడ్డతో తుడవాలి, లేకపోతే నిలవదు. ఆ గుడ్డ పని మాది.

మీ సంఘంలో కూడా ఈ కోతలకు ముందు ఆ పని చేయమని కోరుతున్నాము. సంఘంలో ఒకరి ఇంట ఒక త్రికోణం, ఒక మంచి టార్చి, ఒక గట్టి తాడు ఉంచండి. క్రేను నెంబరు మందిరపు గోడమీద రాయండి. దారిలో ఎవరైనా చెయ్యెత్తితే, కూడికకు వేళయినా సరే, ఆగండి. ఆలస్యంగా వచ్చిన పాస్టరును సంఘం క్షమిస్తుంది.